కోర్సు ఫీడ్‌బ్యాక్‌ని కాగితం నుంచి ఆన్‌లైన్‌కి మార్చడం ఎలా?

సెమిస్టర్ చివరి వారం. ఆఫీసు నుంచి ఒకాయన కవర్ల కట్ట పట్టుకుని క్లాసు గుమ్మంలో నిలబడతాడు. మేడం పాఠం ఆపి బయటికి వెళ్తారు. ఫారాలు వరసల వెంట చేతులు మారతాయి, ఎవరో పక్కవాళ్లని పెన్ను అడుగుతారు, పది నిమిషాల్లో అన్నీ మళ్లీ కవర్లోకి చేరతాయి. చివరి బెంచీ కుర్రాడు దాన్ని అంటించి ఆఫీసులో ఇచ్చేస్తాడు. ఈ తంతు మానేసి ఆన్‌లైన్‌కి వెళ్దామని మీ విశ్వవిద్యాలయం నిర్ణయించి, ఆ పని మీ నెత్తిన పెట్టిందనుకుందాం.

మొదటి మీటింగ్‌లో అందరూ అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ కొందాం?" అని. ఆ ప్రశ్నని కాస్త పక్కన పెట్టండి. సాఫ్ట్‌వేర్ బాగాలేక ఈ మార్పు చెడిపోవడం నేను పెద్దగా చూడలేదు. ఆ పది నిమిషాలు పోయినందుకు చెడిపోవడం మాత్రం చూశాను. ఆస్ట్రేలియాకి చెందిన డంకన్ నల్టీ 2008లో ప్రచురించిన పరిశీలనలో, ఆయన పోల్చి చూసిన అధ్యయనాల్లో కాగితం సర్వేలకి సగటున 56 శాతం మంది స్పందిస్తే, ఆన్‌లైన్ సర్వేలకి 33 శాతం మందే స్పందించారు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మీ పని సగం అయినట్టే.

ముందు కాగితం ఏం చేసేదో రాసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని పాత పద్ధతి ఏమేం చేసేదో రాయండి. అది చెప్పకుండానే చాలా పనులు చేసిపెట్టేది. అందరికీ ఒకేసారి టైము ఇచ్చేది. క్లాసులో ఉన్నవాళ్లకే ఫారం అందేది, అదీ మనిషికి ఒక్కటే. అధ్యాపకులు గదిలో ఉండేవారు కాదు. ఫారం మీద పేరు లేదని విద్యార్థి తన కళ్లతో చూసుకునేవాడు. కవరు అంటించడం కూడా అందరి ముందే జరిగేది.

ఆన్‌లైన్‌కి మారిన రోజే ఇవన్నీ ఒకేసారి పోతాయి. వీటిలో ప్రతిదాన్నీ మీరు వేరే దారిలో మళ్లీ తీసుకురావాలి. మిగతా దశలన్నీ దాదాపు ఆ పని కోసమే.

కాగితంలో ఇబ్బందులు లేవని కాదు. "నా చేతిరాత సార్‌కి తెలుసు" అని చివర్లో కామెంట్ల గడి ఖాళీగా వదిలేసేవాళ్లు ఎందరో. ఓఎంఆర్ షీట్లు స్కానింగ్ అయ్యి, కామెంట్లు టైపయ్యి, అధ్యాపకుల చేతికి వచ్చేసరికి తర్వాతి సెమిస్టర్ సగం గడిచిపోయేది. టైప్ చేసే దగ్గర చేతిరాత భయం ఉండదు. సాధారణంగా ఆన్‌లైన్ కామెంట్లు కాగితం మీదవాటి కంటే పొడుగ్గా, వివరంగా ఉంటాయి కూడా.

ఒక హెచ్చరిక. ఎలాగూ మారుస్తున్నాం కదా అని ప్రశ్నలన్నీ కూడా అదే సెమిస్టర్‌లో మార్చేద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. రెండూ ఒకేసారి మారిస్తే, ఫీడ్‌బ్యాక్‌లో అధ్యాపకులకి పడే మార్కులు తగ్గినా పెరిగినా అది ప్రశ్నల వల్లో ఆన్‌లైన్ వల్లో ఎప్పటికీ తేలదు. ముందు పాత ప్రశ్నలతోనే ఆన్‌లైన్‌కి వెళ్లండి. ఫోన్‌లో అసలు పనిచేయనివి సరిచేయడం, మరీ ఎక్కువుంటే కొన్ని తగ్గించడం వరకే.

ఒక్క పేజీ రూల్స్

ఎవరు ఏం చూస్తారు, ఎప్పుడు చూస్తారు అన్నది మొదలుపెట్టకముందే రాసి, సంతకాలు చేయించండి. తర్వాత రాద్దాం అనుకుంటే మొదటి గొడవ రోజున రాయాల్సి వస్తుంది.

అందులో ఉండాల్సినవి: గ్రేడ్లు పంపాకే అధ్యాపకులకి ఫలితాలు కనిపిస్తాయి. ఐదుగురి కంటే తక్కువ మంది నింపితే రిపోర్టు ఇవ్వరు. కామెంట్లు అధ్యాపకులకి మాత్రమేనా, హెచ్‌ఓడీకి (విభాగాధిపతికి) కూడానా? డేటా ఎన్నేళ్లు ఉంచుతారు? బూతులు, బెదిరింపులు రాస్తే ఎవరు చూసి ఏం చేస్తారు? ఈ చివరిదాన్ని అందరూ మర్చిపోతారు. ఎవరైనా ఆత్మహత్య చేసుకుంటామని కామెంట్‌లో రాస్తే మీరేం చేస్తారో ఈ రోజే తేల్చుకోవాలి. అలాంటి సందర్భంలో పేరు వెతికే వీలు ఉంచుతారా, లేదా అన్నదాన్ని బట్టి మీ సిస్టమ్ కట్టే తీరే మారిపోతుంది.

ఇక అధ్యాపకుల టెన్షన్. "కోపం ఉన్నవాళ్లే నింపుతారు, నా రేటింగ్ పడిపోతుంది" అంటారు. కాగితం, ఆన్‌లైన్ ఫలితాలని పోల్చిన చాలా అధ్యయనాల్లో సగటు మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ సంగతి వాళ్లకి చెప్పండి. కానీ వాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. 2015లో నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక ప్రయోగంలో, ఆన్‌లైన్ కోర్సు చెప్పే ఇద్దరు అధ్యాపకులు ఒక గుంపుకి పురుషుడిలా, ఇంకో గుంపుకి స్త్రీలా పరిచయమయ్యారు. చెప్పింది ఎవరైనా సరే, పురుషుడు అనుకున్నప్పుడు మార్కులు ఎక్కువ పడ్డాయి. 2018లో కెనడాలోని రైర్సన్ విశ్వవిద్యాలయం కేసులో, ప్రమోషన్లకీ టెన్యూర్‌కీ (ఉద్యోగం శాశ్వతం చేయడానికీ) బోధన ఎంత బాగుందో కొలవడానికి ఈ సర్వేలని వాడకూడదని మధ్యవర్తి తీర్పు ఇచ్చారు. కాబట్టి ఫలితాలని దేనికి వాడతారో, దేనికి వాడరో ఆ పేజీలోనే ఉండాలి. అది లేకపోతే క్లాసులో మీకు కావాల్సిన పది నిమిషాలు అధ్యాపకులు మనస్ఫూర్తిగా ఇవ్వరు.

జాబితా: అసలు చాకిరీ ఇక్కడే

కాగితం ఉన్నప్పుడు ఏ క్లాసుకి ఎవరు చెబుతున్నారో ఆఫీసుకి కచ్చితంగా తెలియకపోయినా నడిచిపోయేది. కవరు పట్టుకుని గదికి వెళ్తే అక్కడ ఎవరుంటే వాళ్లే. ఆన్‌లైన్‌లో అలా కుదరదు. ఏ విద్యార్థికి ఏ కోర్సు, ఏ సెక్షన్, ఏ అధ్యాపకులు అన్నది కంప్యూటర్‌కి ముందే తెలియాలి. రికార్డుల్లో ఉన్నదీ క్లాసులో జరిగేదీ ఒకటి కాదని మీకు తెలిసొచ్చేది కూడా ఇప్పుడే.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు, సెలవులో ఉన్న ఒక మేడం పేరు మీద నిండా ఫీడ్‌బ్యాక్ వచ్చింది. ఆవిడ బదులు చెప్పినాయన పేరు టైమ్‌టేబుల్లో మారింది, రికార్డులో మారలేదు. పిల్లలు ఆయన గురించి చక్కగా రాశారు, ఆ మెచ్చుకోళ్లన్నీ ఆవిడ ఖాతాలో పడ్డాయి.

అందుకని సర్వే తెరవడానికి కనీసం మూడు వారాల ముందు రిజిస్ట్రేషన్ డేటా తీసి, విభాగాల వారీగా విడగొట్టి, ఒక్కో హెచ్‌ఓడీకి పంపండి. "సరిచూసి చెప్పండి" అంటే ఎవరూ చూడరు. "ఈ జాబితాలో ఉన్న పేర్లకే ఫీడ్‌బ్యాక్ వస్తుంది, ఫలానా తేదీ తర్వాత మార్చలేం" అని రాయండి, అప్పుడు చూస్తారు. ఇద్దరు కలిసి చెప్పే కోర్సులు, ల్యాబ్‌కి వేరే మనిషి ఉన్నవి, రెండు విభాగాలు ఒకే గదిలో కూర్చునే ఎలక్టివ్‌లు, మధ్యలో కోర్సు వదిలేసిన విద్యార్థులు, ఒకట్రెండు పాఠాలు చెప్పి వెళ్లిన అతిథులు: వీటికి మాత్రం ఒక్కోదానికి ఫోన్ చేసి అడగడమే దారి. అతిథులని నేనైతే సర్వేలో పెట్టను.

ఫైల్ ఎక్సెల్‌లో తెరిచే ముందు ఒక్క నిమిషం ఆగండి. సీఎస్‌వీ ఫైల్‌ని (కామాలతో విడగొట్టిన పట్టికని) రెండుసార్లు క్లిక్ చేసి తెరిస్తే 0457 అనే రోల్ నంబర్ 457 అయిపోతుంది. పొడుగు నంబర్లు మధ్యలో ఇంగ్లిష్ "E" అక్షరంతో ముడుచుకుపోతాయి. 2-1 అని రాసిన సెక్షన్ ఏకంగా తేదీగా మారిపోతుంది. చూసుకోకుండా సేవ్ కొడితే అంతే, వెనక్కి రాదు. ఖాళీ షీట్ తెరిచి, డేటా మెనూ నుంచి ఫైల్‌ని రప్పించి, ఆ కాలమ్‌లని టెక్స్ట్‌గా ఉంచమని చెప్పాలి. పేర్లు ఇంగ్లిష్ కాని లిపిలో ఉంటే సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 రకం సీఎస్‌వీ ఎంచుకోండి. లేకపోతే పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి.

ప్రశ్నలు ఫోన్‌లో పట్టాలి

చాలామంది ఫోన్‌లోనే నింపుతారు. కాగితం మీద బాగుండే పెద్ద పట్టిక, అంటే ఎడమవైపు పదిహేను వాక్యాలు, కుడివైపు 1 నుంచి 5 గడులు, ఫోన్ తెర మీద నరకం. వేలు ఒకచోట పెడితే పక్క గడి నొక్కుకుంటుంది. ఒక్కో ప్రశ్న కింద ఐదు జవాబులు నిలువుగా వచ్చేలా పెట్టండి.

ముందుగానే ఏ జవాబూ ఎంపికై ఉండకూడదు. "వర్తించదు" అనే గడి ఉండాలి, ల్యాబ్ లేని కోర్సులో ల్యాబ్ గురించి అడిగితే పిల్లలు మధ్యలో ఉన్న 3 నొక్కి పోతారు. ఏ ప్రశ్ననీ తప్పనిసరి చేయకండి. తప్పనిసరి చేస్తే జవాబు వస్తుంది, కానీ ఆలోచించిన జవాబు రాదు.

పాత ఫారాల్లో "అధ్యాపకులు సమయానికి వచ్చి సిలబస్ పూర్తి చేశారు" లాంటి వాక్యాలుంటాయి. రోజూ ఆలస్యంగా వచ్చి సిలబస్ పూర్తి చేసినాయనకి ఎంత వేయాలి? ఇలాంటివి రెండుగా విడగొట్టడం మార్పు కిందికి రాదు, మరమ్మతు కిందికి వస్తుంది. కామెంట్ల దగ్గర "మీ అభిప్రాయం రాయండి" అంటే "బాగుంది" అని వస్తుంది. "ఈ కోర్సులో ఒక్కటి మార్చాలంటే ఏం మారుస్తారు?" అని అడిగి చూడండి.

ఒక విద్యార్థికి ఆరు కోర్సులుంటాయని గుర్తుంచుకోండి. మీరు పెట్టే 25 ప్రశ్నలు అతనికి 150. పది, పన్నెండు దాటనివ్వకండి.

"పేరు తెలియదు" అంటే నిజంగా తెలియకూడదు

గోప్యం వేరు, అనామకం వేరు. గోప్యం అంటే పేరు ఎక్కడో ఉంది, మేం చూపించం అని. అనామకం అంటే అసలు ఎక్కడా లేదని. రెండూ న్యాయమే. కానీ ఒకటి పెట్టి ఇంకోటి చెప్పకూడదు. ఒక్కసారి ఈ అబద్ధం బయటపడితే ఆ క్యాంపస్‌లో కొన్ని బ్యాచ్‌ల దాకా ఎవరూ నిజం రాయరు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి. మీ క్లాసులు మూడల్ లాంటి ఆన్‌లైన్ పాఠాల సిస్టమ్‌లో నడుస్తుంటే ముందు అందులో ఉన్న ఫీడ్‌బ్యాక్ సౌకర్యం చూడండి, విద్యార్థులు ఎలాగూ అక్కడికి వస్తారు. ఒకట్రెండు క్లాసులకైతే గూగుల్ ఫారమ్స్ చాలు. ఈమెయిల్ సేకరణ ఆపేసి, ఒక్కసారే నింపేలా పరిమితి పెట్టొచ్చు. కానీ ఆ పరిమితి పెట్టగానే లాగిన్ అడుగుతుంది, లాగిన్ పేజీ చూడగానే విద్యార్థి "దొరికిపోయాం" అనుకుంటాడు. పైగా ఎవరు నింపలేదో మీకు తెలియదు, రిమైండర్ అందరికీ పంపాల్సిందే.

వందల కోర్సులుంటే టోకెన్ పద్ధతి కావాలి. ఉచితంగా దొరికే లైమ్‌సర్వేలో ఒక్కో విద్యార్థికి ఒక్కో టోకెన్ (అతనికి మాత్రమే ఇచ్చే కోడ్) వెళ్తుంది, ఒక టోకెన్‌తో ఒక్కసారే నింపే వీలుంటుంది. సర్వే సెట్టింగుల్లో అనామక సమాధానాల ఆప్షన్ ఆన్ చేస్తే టోకెన్‌కీ సమాధానానికీ మధ్య లంకె తెగిపోతుంది. పూర్తి చేసినవాళ్ల పేరు పక్కన ఇంగ్లిష్ "Y" అక్షరం తప్ప టైము పడదు. తేదీ నమోదు కూడా ఆన్ చేసి ఉంటే సమాధానాలన్నిటికీ 1980 జనవరి 1 అనే ఒకే తేదీ పడుతుంది. అది చూసి సర్వర్ గడియారం చెడిపోయిందని మొదట్లో కంగారుపడ్డాను. కావాలనే అలా పెట్టారు. 11:42కి ఫలానా రోల్ నంబర్ పూర్తి చేశాడని ఒక జాబితాలో, 11:42కి ఒక సమాధానం వచ్చిందని ఇంకో జాబితాలో ఉంటే, రెండూ పక్కపక్కన పెట్టి చూడటానికి ఎవరికైనా ఎంతసేపు? సర్వే యాక్టివేట్ చేశాక ఈ ఆప్షన్ మార్చలేరు, కాబట్టి ముందే చూసుకోండి. ఏ కనెక్షన్ నుంచి నింపారో చెప్పే ఐపీ అడ్రస్ నమోదు కూడా ఆపేయండి.

ప్రశ్నల్లో కూడా పేరు దాగి ఉంటుంది. ఆడా మగా, ఏ ఊరు, ఏ బ్రాంచ్ అని అడిగితే పన్నెండు మంది క్లాసులో ఎవరు ఏది రాశారో అధ్యాపకులు చూడగానే చెప్పేస్తారు.

ఒక సెమిస్టర్ చిన్నగా

మొత్తం విశ్వవిద్యాలయం ఒకేసారి మార్చకండి. రెండు మూడు విభాగాలు తీసుకోండి, అందులో ఒకటి పెద్ద క్లాసులున్నదీ, ఒకటి ల్యాబులు ఎక్కువున్నదీ అయితే మంచిది. సర్వే తెరిచే ముందు మీరే విద్యార్థి అయి, పాత ఫోన్ ఒకటి తీసుకుని, వైఫై ఆపేసి నింపి చూడండి. మధ్యలో ఫోన్ కాల్ వస్తే ఏమవుతుందో చూడండి. ఒకే లింకు ఇద్దరు తెరిస్తే ఏమవుతుందో కూడా. వేల మెయిళ్లు ఒక్కసారిగా పంపితే స్పామ్‌లోకి పోయే ప్రమాదం ఉంది, విడతలుగా పంపండి.

చూపు లేని విద్యార్థులు వాడే స్క్రీన్ రీడర్‌తో ఒకసారి పరీక్షించడం మర్చిపోవద్దు. ఎవరికైనా ఫోన్ లేకపోతే కంప్యూటర్ ల్యాబ్‌లో ఆ వారం కొన్ని సీట్లు కేటాయించండి.

ఆ పది నిమిషాలు

చివరి రెండు వారాల క్లాసులు నడుస్తుండగా తెరిచి, పరీక్షలు మొదలయ్యేలోపు మూసేయండి. పరీక్ష రాసొచ్చాక అడిగితే కోర్సు గురించి కాదు, ప్రశ్నపత్రం గురించి రాస్తారు.

లింకు మెయిల్ చేసి "వీలున్నప్పుడు నింపండి" అంటే వీలు ఎవరికీ ఉండదు. కాగితానికి ఇచ్చిన పది నిమిషాలే దీనికీ ఇవ్వండి, క్లాసు చివర్లో కాదు, మొదట్లో. చివర్లో ఇస్తే బ్యాగులు సర్దుకుని వెళ్లిపోతారు. అధ్యాపకులు రెండు మాటలు చెప్పాలి: పోయిన బ్యాచ్ చెప్పినదాన్ని బట్టి ఏం మార్చారో ఒకటి, ఇప్పుడు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో ఇంకోటి. తర్వాత తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్లాలి. తెర మీద క్యూఆర్ కోడ్ వదిలి వెళ్లొచ్చు, కానీ అది ప్రతివాళ్లకీ పంపిన టోకెన్ లింకుకి కాకుండా లాగిన్ పేజీకి తీసుకెళ్లేదైతే ముందే ఆ సంగతి చెప్పాలి.

ముందురోజు పంపే మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"రేపు క్లాసులో మొదటి పది నిమిషాలు కోర్సు ఫీడ్‌బ్యాక్‌కి. ఫోన్ చార్జ్ చేసుకుని రండి. మొత్తం 12 ప్రశ్నలు. మీ పేరు సమాధానాలతో నమోదు కాదు. గ్రేడ్లు పంపాకే అధ్యాపకులు ఫలితాలు చూస్తారు."

ఇందులో నాలుగో వాక్యం నిజం కాకపోతే తీసేయండి.

రిమైండర్లు రెండు, మహా అయితే మూడు. నింపనివాళ్లకే వెళ్లాలి, అధ్యాపకుల పేరు మీద కాకుండా ఆఫీసు పేరు మీద వెళ్లాలి. "నింపకపోతే రిజల్ట్ ఆపేస్తాం" అనే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. స్పందన శాతం పెరుగుతుంది, నిజమే. పై నుంచి కింది వరకూ ఒకే గడి నొక్కేసిన ఫారాలు కూడా పెరుగుతాయి. నేను దానికి వ్యతిరేకం. తాయిలాలు కూడా వద్దు. 2007లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో ఫారాలు పంచే ముందు చాక్లెట్లు పంచితే, ఆ చాక్లెట్లు అధ్యాపకులవి కాకపోయినా, రేటింగులు పెరిగాయి.

రిపోర్టు

ప్రతి రిపోర్టు పైన మొదటి వరసలో పెద్ద అక్షరాల్లో "40 మందిలో 14 మంది నింపారు" అని ఉండాలి. సగటు ఆ తర్వాత. ఎనిమిది మంది నింపిన క్లాసులో ఒక్కరు 5 బదులు 1 పెడితే సగటు 0.5 పడిపోతుంది. 80 మంది నింపిన క్లాసులో అదే మనిషి వల్ల పడేది 0.05. ఇక 4.23 వచ్చిన మేడం కంటే 4.31 వచ్చిన సార్ బాగా చెబుతారని ర్యాంకులు వేయడంలో అర్థం ఏముంది? అడిగినా ర్యాంకుల జాబితా తీసి ఇవ్వకండి. సాఫ్ట్‌వేర్‌లో ఆ బటన్ ఉంటే కనపడకుండా చేయించండి.

సగటు పక్కన ఎంతమంది ఎంత వేశారో బార్లుగా చూపించండి. పది మందీ 3 వేసిన క్లాసుకీ, ఐదుగురు 1, ఐదుగురు 5 వేసిన క్లాసుకీ సగటు 3 మాత్రమే. మొదటిది చప్పటి క్లాసు. రెండో క్లాసులో ఏదో జరుగుతోంది, కామెంట్లు చదవాలి. పాత ఏళ్లతో కలిపి గ్రాఫ్ గీస్తుంటే ఆన్‌లైన్‌కి మారిన సెమిస్టర్ దగ్గర నిలువు గీత గీసి, పక్కన "ఇక్కడి నుంచి ఆన్‌లైన్" అని రాయండి. మూడేళ్ల తర్వాత కుర్చీలోకి వచ్చే డీన్‌కి ఆ మార్పు సంగతి గుర్తుండదు.

పాత ఫారాల కట్టల్ని మాత్రం వెంటనే తూకానికి వేయకండి. రికార్డులు ఎన్నేళ్లు ఉంచాలన్న రూల్ చూసి, ఆ గడువు తీరాక ముక్కలు చేయించండి, వాటి మీద పిల్లల చేతిరాత ఉంది.

ఇక మిగిలింది తర్వాతి సెమిస్టర్ మొదటి క్లాసు. ప్రతి అధ్యాపకుడికీ రిపోర్టుతో పాటు ఒక ఖాళీ స్లైడ్ పంపండి. దాని మీద రెండే వరసలు: "పోయిన బ్యాచ్ అడిగింది", "మేం మార్చింది". ల్యాబ్ రికార్డు గడువు శుక్రవారం నుంచి సోమవారానికి జరిపినా చాలు, రాయమనండి. మార్చలేనిది ఉంటే ఎందుకు మార్చలేదో రాయమనండి. ఆ స్లైడ్ ఎంతమంది చూపించారో మీరు లెక్క పెట్టుకోండి. స్పందన శాతం పక్కన ఆ అంకె కూడా రాసి పెట్టుకుంటే, వచ్చే ఏడాది ఏ విభాగానికి ముందు వెళ్లి కూర్చోవాలో మీకే తెలుస్తుంది.